చెవి మెలిపెడితే బేస్ గిటార్ దారికి రాదు

శనివారం సాయంత్రం, చర్చిలో పాటల ప్రాక్టీసు. ఆరాధన నడిపించే గాయకుడికి పల్లవిలో పై స్వరం అందడం లేదు. “ఒక టోన్ దించుదామా?” అంటాడు. కీబోర్డు దగ్గరున్న అమ్మాయి ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కుతుంది. ఆమె పని అయిపోయింది, ‘ఈ’లో ఉన్న పాట ‘డి’లోకి వచ్చేసింది. చిక్కంతా మూల నిలబడ్డ బేస్ గిటార్ కుర్రాడిది. నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు స్వరం ‘ఈ’. పాట ఇప్పుడు వచ్చి ఆగే ‘డి’ దానికింకా కింద ఉంది, అతని దగ్గర లేదు. పైనున్న ‘డి’ పట్టుకుంటే పాట నేల విడిచినట్టుంటుంది. సరేనని గిటార్ తలకాయకున్న నాలుగు చెవులూ మెలిపెట్టి, ఫోన్‌లో ట్యూనర్ చూసుకుంటూ తీగలన్నీ దించేస్తాడు. ట్యూనర్ పచ్చ లైటు చూపిస్తుంది. వాయిస్తే మాత్రం జర్రుమంటుంది. “అన్నా, గిటార్ పోయినట్టుంది” అంటాడు.

గిటార్‌కేమీ కాలేదు. దానికి చెప్పకుండా దాని మీద బరువు తీసేశారు, అంతే.

ఈ ఒక్క జర్రుమనే చప్పుడు విని నిక్షేపంలాంటి బేస్ గిటార్‌ని అమ్మేసినవాళ్లున్నారు. అప్పు చేసి ఐదు తీగలది కొన్నవాళ్లున్నారు. ఇంకొందరు యాంప్‌లో బేస్ పిడిని కుడి చివరిదాకా తిప్పి, దడదడలో జరజర కలిసిపోతుందిలే అని సర్దుకుంటారు. వీటన్నిటికంటే చవకైన దారి ఒకటుంది: సెటప్. తీగ మందం, మెడ వంపు, తీగల ఎత్తు, బ్రిడ్జి మీద వాటి పొడవు, ఈ నాలుగింటినీ కొత్త శ్రుతికి తగ్గట్టు మళ్లీ కుదర్చడం. మన దగ్గర గిటార్ నేర్పేవాళ్లు వేళ్లకు స్కేళ్లు నేర్పుతారు, తాళం నేర్పుతారు. వాయిద్యం నడుము ఎలా సరిచేయాలో నేర్పేవాళ్లు అరుదు. శిష్యుడు మొదటి నెలలోనే నేర్చుకోవాల్సిన పని ఇది.

లెక్క పాతదే. మారిన్ మెర్సెన్ అనే ఫ్రెంచి మతగురువు 1636లో అచ్చయిన తన గ్రంథంలో తీగల సూత్రాలు రాసిపెట్టాడు. తీగ పొడవైతే స్వరం దిగుతుంది, బరువైతే దిగుతుంది, బిగువు తగ్గితే దిగుతుంది. అందులో మెలిక ఎక్కడంటే, స్వరం ఎంత దిగిందో బిగువు అంతే దిగి ఊరుకోదు. వర్గం లెక్కన పడిపోతుంది. ‘ఈ’ తీగ సెకనుకు 41.2 సార్లు కంపిస్తుంది. ఒక టోన్ దించిన ‘డి’ 36.7 సార్లు. కంపనాలు తగ్గింది నూటికి 11 వంతులే, బిగువు తగ్గింది 20 వంతులకు పైన. ఇంకో టోన్ దించి ‘సి’కి వెళితే 37 వంతులు పోతాయి. మామూలు బేస్ మీద నాలుగు తీగలూ కలిసి లాగే బలం, తీగల రకాన్ని బట్టి, సుమారు 80 కిలోల బరువంత ఉంటుంది. ఆ శనివారం కుర్రాడు నాలుగు చెవులు తిప్పిన రెండు నిమిషాల్లో మెడ మీంచి 16 కిలోలు దించేశాడన్నమాట. గోనె బస్తా మోస్తున్న మనిషి మీంచి ఐదో వంతు సరుకు ఒక్కసారి లాగేస్తే వెనక్కి తూలడూ? మెడ కూడా తూలుతుంది.

ఈ తూలడం అర్థం కావాలంటే మెడ లోపల ఏముందో తెలియాలి. కర్ర ఒక్కటే ఆ బరువు ఏళ్ల తరబడి మోస్తే విల్లులా వంగిపోతుంది. అందుకని లోపల ఒక ఉక్కు కడ్డీ పెడతారు, దాని పేరు ట్రస్ రాడ్. బిగించేందుకూ వదులు చేసేందుకూ వీలున్న ఈ కడ్డీకి గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేరు మీద 1923లో పేటెంటు వచ్చింది. తీగలు ఒకవైపు లాగుతాయి, కడ్డీ రెండోవైపు లాగుతుంది. ఆ రెండింటి పంతం సమానంగా ఉన్నంతకాలం మెడ దాదాపు నిటారుగా, అంటే తీగ ఊగడానికి వెంట్రుకవాసి సందిచ్చేటంత వంపుతో నిలబడుతుంది. తీగల పట్టు సడలితే కడ్డీది పైచేయి అవుతుంది, మెడ వెనక్కి వాలుతుంది. తీగకూ మొదటి నాలుగైదు ఫ్రెట్లకూ మధ్య సందు చచ్చిపోతుంది. కుర్రాడు విన్న జరజర అదే. ఫ్రెట్లను మన వీణ వాళ్లు మెట్లంటారు. ఆ మాటలో చెప్పాలంటే తీగ మెట్టు దిగుతూ మెట్టుకే కాలు కొట్టుకుంటోంది.

ఇక్కడ చాలామంది వెంటనే ట్రస్ రాడ్ మీద పడతారు. అది రెండో పని. మొదట చూడాల్సింది తీగలు.

వదులైన తీగను మెడతో సర్దించడం కంటే, ఆ శ్రుతిలో కూడా బిగువుగా ఉండే తీగ వేసుకోవడం తెలివైన పని. లెక్క నోటితో కట్టేయొచ్చు. చుట్టతీగల్లో బరువు దాదాపు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, స్వరం ఎన్ని వంతులు దిగితే మందం ఆ దామాషాలో పెరగాలి. బజారులో ఎక్కువగా దొరికే సెట్టు 45, 65, 85, 105. ఇవి అంగుళంలో వెయ్యో వంతులు. ఒక టోన్ దించాలంటే 105 తీగ 118 అవ్వాలి, 45 తీగ 50 అవ్వాలి. అచ్చంగా ఆ అంకెలే దొరక్కపోవచ్చు. 50 నుంచి 110 దాకా, 55 నుంచి 115 దాకా ఉన్న సెట్లు ఆ దగ్గరికి వస్తాయి. డీఆర్ కంపెనీ ‘డ్రాప్ డౌన్ ట్యూనింగ్’ అని పేరు పెట్టి మరీ ఇందుకోసం తీగలు అమ్ముతుంది.

రెండు టోన్లు దించి ‘సి’ దాకా వెళ్లేవాళ్లకు ఇంకో ఉపాయం ఉంది. ఐదు తీగల సెట్టు కొని, సన్నటి 45ను పక్కన పెట్టి, మిగిలిన 65, 85, 105, 130లను నాలుగు తీగల గిటార్‌కు వేయడం. దాన్ని అలాగే ‘బి’ నుంచి ‘డి’ దాకా శ్రుతి చేసినా, ఒక ఫ్రెట్ మేర పైకెక్కించి ‘సి’ నుంచి మొదలుపెట్టినా, మెడ మీద మొత్తం బిగువు పాతదానికి దగ్గర్లోనే ఉంటుంది. కడ్డీని ముట్టుకోవాల్సిన పని ఒక్కోసారి పడదు. కొత్త ఐదు తీగల గిటార్ ధర ఎక్కడ, ఒక తీగల సెట్టు ధర ఎక్కడ!

లావు తీగ కట్టడంలో ఒక పొరపాటు మాత్రం దాదాపు అందరూ చేస్తారు. ప్యాకెట్టు విప్పగానే, పొడుగ్గా ఉంది కదాని కట్టింగ్ ప్లేయర్‌తో చివర కత్తిరిస్తారు. లోపలి ఉక్కు తీగ మీద బయటి చుట్ట బిగువుగా కూర్చోవడానికి ఆ చివరే ఆధారం. కోసిన క్షణాన చుట్ట లోలోపల జారి, తీగ మొద్దుబారుతుంది. కొత్త తీగే, మోగదు. కోయాల్సిన చోటికి పైన తీగను ముందు లంబకోణంలో మడిచి, ఆ మడత దాటాక కోసి, మడతను చెవి మొదట్లోని రంధ్రంలోకి దించాలి. ఆ తర్వాత చుట్లు పైనుంచి కిందికి పడాలి. అప్పుడే తీగ నట్ మీంచి వంగి దిగుతుంది, గాడిలో గట్టిగా కూర్చుంటుంది.

నట్ అంటే తలకాయకూ మెడకూ మధ్య, ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన సన్నటి పట్టీ. దానిలో ఒక్కో తీగకు ఒక్కో గాడి. 105కని తీసిన గాడిలో 130 దిగదు. పైన కూర్చుంటుంది, మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కాలంటే వేలు విరిగేంత ఎత్తులో. గాడిని సన్నటి ఆకురాయితో వెడల్పు చేయాలి. ఒక్క రుద్దు ఎక్కువైతే తీగ మరీ కిందికి దిగిపోయి, ఏమీ నొక్కకుండా మీటినా జరజరమంటుంది. సెటప్ మొత్తంలో వెనక్కి తీసుకోలేని పని ఇదొక్కటే. చేయి తిరిగినవాడికి డబ్బిచ్చి చేయించుకోవాల్సిన పని కూడా ఇదొక్కటే.

మిగతావి ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. సందు కొలిచే ఫీలర్ గేజ్‌ని అమెరికా నుంచి తెప్పించక్కర్లేదు. బైక్ మెకానిక్ టాపెట్ సందు చూసే రేకుల కట్ట ఉంటుందే, అదే. ఆటోమొబైల్ విడిభాగాల దుకాణంలో దొరుకుతుంది.

కొత్త తీగలు వేసి, కొత్త శ్రుతికి తెచ్చి, గిటార్‌ని వాయించేటప్పుడు పట్టుకున్నట్టే ఒళ్లో పెట్టుకోవాలి. బల్ల మీద వెల్లకిలా పడుకోబెడితే మెడ బరువు లెక్క తప్పిస్తుంది. మొదటి ఫ్రెట్ మీద క్యాపో, అంటే తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు, బిగించి, లావు తీగను చివరి ఫ్రెట్ దగ్గర కుడిచేతి వేలితో నొక్కితే, ఆ రెండింటి మధ్య తీగే ఒక స్కేలుబద్ద. ఇప్పుడు ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద ఎంత సందుందో చూడాలి. 9.5 నుంచి 12 అంగుళాల అడ్డవంపు వ్యాసార్ధమున్న ఫింగర్‌బోర్డులకు ఫెండర్ కంపెనీ తన సూచనల్లో చెప్పేది 0.012 అంగుళం, అంటే 0.3 మిల్లీమీటరు. రేకు దూర్చితే తీగను లేపకుండా, అలాగని గాలిలో తేలకుండా, నెమ్మదిగా రాసుకుంటూ వెళ్లాలి. అసలు దూరకపోతే మెడ వెనక్కి వాలిందని అర్థం. ట్రస్ రాడ్ మరకు అలెన్ కీ పెట్టి అపసవ్య దిశలో పావు చుట్టు. అంతకు మించి వద్దు. మళ్లీ శ్రుతి చూసి, మళ్లీ రేకు పెట్టి చూడాలి. కర్ర మాట వినడానికి టైం తీసుకుంటుంది. ఒక్కోసారి మర్నాడు పొద్దున చూస్తే కొలత ఇంకొంచెం మారి ఉంటుంది. కీ సరిగ్గా ఇమడకపోయినా, మర మొరాయించినా బలం చూపించకూడదు. లోపల గాట్లు అరిగిపోతే అప్పుడు నిజంగానే గిటార్ పోతుంది. పాత నమూనా ఫెండర్లలో ఆ మర మెడ మొదట్లో, ఒంటిలోపల దాక్కుని ఉంటుంది. దాన్ని తిప్పాలంటే మెడ విప్పాల్సిందే. ఎవరికొచ్చిందో ఆ ఆలోచన!

మెడ కుదిరాక తీగల ఎత్తు. అదే ఫింగర్‌బోర్డులకు ఫెండర్ లెక్కలో 17వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 2 మిల్లీమీటర్లు. ఇవి మామూలు శ్రుతికి. దించిన తీగ ఎక్కువ జాగాలో ఊగుతుంది కాబట్టి, దానికి ఇంకొంచెం ఎత్తిస్తే తప్పులేదు. ఎత్తు తగ్గితేనే గొప్ప గిటార్ అనే భ్రమ బాగా పాతుకుపోయింది. ఎలక్ట్రిక్ లీడ్ గిటార్ వాళ్ల పోటీ అది, బేస్‌కు అంటించుకోవాల్సిన జబ్బు కాదు.

ఆఖరున ఇంటొనేషన్. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు పెట్టి మీటితే వచ్చే గంట స్వరమూ, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరమూ ఒకటి కావాలి. నొక్కినది ఎక్కువ పలికితే బ్రిడ్జి మీద ఆ తీగ మోసే శాడిల్‌ని వెనక్కి జరపాలి, తక్కువ పలికితే ముందుకు. లావు తీగలు సాధారణంగా వెనక్కే అడుగుతాయి. ఒక్కోసారి స్క్రూ చివరిదాకా వెళ్లినా తృప్తి పడవు. అందుకే 130 లాంటి తీగల్లో కొన్ని రకాలను బ్రిడ్జి దగ్గర సన్నం చేసి చుడతారు. లోపలి ఉక్కు మాత్రమే శాడిల్ మీద వంగితే స్వరం శుభ్రంగా వస్తుంది.

ఇంత చదివాక వదులు తీగ అంటే పాపం అనిపించొచ్చు. కానీ దాన్ని కోరి తెచ్చుకున్నవాళ్లే ఒక సంగీతాన్ని పుట్టించారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే కుర్రాడు 17 ఏళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీ యంత్రంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్న తీగలు దొరక్క బాంజో తీగలు వాడాడు. 1971లో తన బృందం బ్లాక్ సబ్బాత్ మూడో ఆల్బం ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి కొన్ని పాటల్లో గిటార్‌ని మూడు ఫ్రెట్ల మేర దించేశాడు. బేస్ వాయించే గీజర్ బట్లర్ కూడా అతనితోపాటు దిగాడు. లెక్క ప్రకారం అదే తీగల మీద బిగువు నూటికి 29 వంతులు తగ్గుతుంది. వేళ్లకు నొప్పి తగ్గింది, మోతకు బరువు పెరిగింది, హెవీ మెటల్ అనే సంగీతం రంగు ఆ వదులులోంచే వచ్చింది. ఆ తర్వాత 1994లో తొలి ఆల్బం తెచ్చిన కార్న్ బృందంలో ఫీల్డీ ఐదు తీగల బేస్‌ని ఇంకా దించి ‘ఏ’ దాకా తీసుకెళ్లాడు. అక్కడ తీగ ఫ్రెట్‌కు తగిలే చప్పుడు తప్పు కాదు, అతని తాళంలో భాగం.

మనకూ ఇది కొత్త కాదు. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద సన్నటి దారం పెట్టి, జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆపితే ఆ జుమ్మనే నాదం పుడుతుంది. దాన్ని జీవాళి అంటారు. అదీ తీగ దేనికో తగిలే చప్పుడే. కాకపోతే అది ఎంత తగలాలో ఎదురుగా కూర్చున్న మనిషి నిర్ణయిస్తాడు, చర్చి కుర్రాడు ఆ నిర్ణయం తీసుకోకుండానే చెవులు తిప్పేశాడు.

తీగను లావు చేయడం ఒక దారి అయితే, పొడుగు చేయడం రెండోది. పాశ్చాత్య ఆర్కెస్ట్రాల్లో డబుల్ బేస్ వాళ్లు ఏనాడో ఆ దారి పట్టారు. ‘ఈ’ తీగను తలకాయ మీదుగా పైకి సాగదీసే పట్టీ ఒకటి బిగించి ‘సి’ దాకా దిగుతారు. ఎలక్ట్రిక్ బేస్‌లో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌కు ఇచ్చిన 34 అంగుళాల తీగ పొడవు దాదాపు శాసనమైపోయింది. బేస్ వాద్యకారుడు ఆంథొనీ జాక్సన్ కోసం 1975లో కార్ల్ థాంప్సన్ ఆరు తీగల బేస్ చేసి కింద ‘బి’ చేర్చాక, ఆ ‘బి’ 34 అంగుళాల్లో మెత్తబడుతోందన్న గొడవ మొదలైంది. సెకనుకు 31 కంపనాలు కూడా లేని తీగ అది. పొడవును 35కు పెంచితే అదే తీగకు అదే స్వరంలో నూటికి 6 వంతులు అదనపు బిగువు వస్తుంది. కెనడాలోని డింగ్‌వాల్ కంపెనీ ఇంకా ముందుకెళ్లి ఫ్రెట్లను విసనకర్రలా పరిచింది. వాళ్ల ఐదు తీగల కంబస్చన్ నమూనాలో లావు తీగ 37 అంగుళాలు, సన్న తీగ 34. లావు తీగకు అక్కడ 18 వంతులు అదనపు బిగువు. పియానో మూత తీసి, లావు తీగలు పొడుగ్గా, సన్నవి పొట్టిగా ఉండడం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు. రివర్స్‌లో చూస్తే, పాల్ మెకార్ట్నీ వాడిన హాఫ్‌నర్ లాంటి 30 అంగుళాల పొట్టి బేస్‌ల మీద మామూలు శ్రుతిలోనే 22 వంతుల బిగువు తక్కువ, అంటే అది పుట్టుకతోనే ఒక టోన్ దించినంత మెత్తన. అలాంటిదాన్ని ఇంకా దించాలనుకునేవాళ్లు ముందు తీగల దుకాణానికి వెళ్లాలి.

అసలు అంత కిందికి దిగాలా అనే ప్రశ్న కూడా ఉంది. ఫోన్ స్పీకరు 41 కంపనాల ‘ఈ’నే పలకలేదు, 31 కంపనాల ‘బి’ మాట దేవుడెరుగు. అయినా ఫోన్‌లో బేస్ వినిపిస్తుంది. మూలస్వరం లేకపోయినా, దాని పైన రెట్టింపు, మూడింతలు కంపించే ఉపస్వరాలను బట్టి మెదడు దాన్ని పూరించుకుంటుంది. ఇళయరాజా పాటలు చిన్న రేడియోల్లో విన్న తరానికి కూడా ఆయన బేస్ నడకలు నోటికి రావడం వెనక ఈ కిటుకుంది. ఉపస్వరాలు శుభ్రంగా రావాలంటే తీగ బిగువుగా ఉండాలి. చాలీచాలని తీగతో పాతాళానికి దిగి ముద్దగా మోగించడం కంటే, ఒక మెట్టు పైనే ఆగి స్పష్టంగా పలికించడం మేలు. స్టేజీ మీద దడ పుట్టించడమే బేస్ అనుకునే సౌండ్ వాళ్లకు ఈ మాట రుచించదు.

చేయి సంగతీ చెప్పాలి. వదులు తీగను బలంగా లాగితే మొదటి క్షణం స్వరం పైకి ఎగిరి, తర్వాత కిందికి జారుతుంది. ట్యూనర్ మీద సూది అటు కొట్టుకుని ఇటు వస్తుంది. శ్రుతి దించినవాడు చేతిని బ్రిడ్జి వైపు నాలుగు వేళ్లు జరిపి, మెల్లగా మీటి, మోతను యాంప్‌కు వదిలేయాలి. సగం జరజర అక్కడే పోతుంది, ఏ మరా తిప్పకుండా.

వాన ముసురు పట్టిన కాకినాడలో ఒకలా, మే నెల కరీంనగర్‌లో ఒకలా మెడ కదులుతుంది కాబట్టి, కుదిర్చిన కొలతలు ఏడాదంతా అలాగే ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. రుతువు మారినప్పుడు రేకు పెట్టి చూసుకోవడం ఐదు నిమిషాల పని.

మరి శనివారం కుర్రాడి మాటేమిటి? ఆ ఒక్క పాట కోసమే అయితే నాలుగు తీగలూ దించాల్సిన అవసరమే లేదు, లావు తీగ ఒక్కదాన్ని ‘డి’కి దించితే చాలు. మొత్తం బిగువులో నూటికి ఐదు వంతులే పోతాయి, మెడకు తెలియను కూడా తెలియదు. హిప్‌షాట్ కంపెనీ చేసే మీట ఒకటి చెవి స్థానంలో బిగిస్తే, బొటనవేలితో నొక్కగానే ‘ఈ’ కాస్తా ‘డి’ అవుతుంది, ఎత్తితే మళ్లీ ‘ఈ’. గాయకుడి గొంతు ఇకమీదట అన్ని పాటలూ ‘డి’లోనే కావాలంటే మాత్రం లావు తీగలు, రేకుల కట్ట, అలెన్ కీ, ఒక ఆదివారం మధ్యాహ్నం. నట్ మీద ఆకురాయి పెట్టే బదులు కొత్త నట్ చేయించి బిగించుకుని, తీసిన పాతదాన్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి గిటార్ కేసు జేబులో పడేయాలి. గాయకుడు మారితే పాటలు మళ్లీ ‘ఈ’కి ఎక్కుతాయి.